ఓడిన గుర్రం ఇంటికొస్తే

హైదరాబాద్‌ మలక్‌పేట రేసుకోర్సులో ఆఖరి రెండు వందల మీటర్లు. స్టాండ్లలో జనం లేచి నిలబడ్డారు. చేతుల్లో చెమటకు తడిసి మడతలు పడ్డ రేసు పుస్తకాలు, నోళ్లలో నంబర్లు. గుర్రాలన్నీ ఒకే గుంపుగా మలుపు దాటి వచ్చాయి. ముందు డెక్కల చప్పుడు, వెనకే జాకీల అరుపులు, వాటి వెనక ఎగిరే మట్టి. పన్నెండు వందల మీటర్ల పందెం నిమిషంపావులో ముగిసిపోయింది.

గెలిచిన గుర్రం చుట్టూ యజమాని కుటుంబం చేరి ఫొటోలు దిగుతోంది. ఎనిమిదో స్థానంలో వచ్చిన దాన్ని, గుర్రాల బాగోగులు చూసే సైసు కళ్లెం పట్టుకుని పక్కదారిన లాయం వైపు నడిపించుకుపోతున్నాడు. దాని నంబరుకు డబ్బులు కట్టినవాళ్లు కూడా అటు చూడటం లేదు. వరసగా నాలుగైదు పందేల్లో ఇలాగే జరిగితే యజమాని ట్రైనరుకు ఫోన్‌ చేసి అడిగే ప్రశ్న ఒక్కటే: “దీన్ని ఏం చేద్దాం?”

దానికి మంచి జవాబు ఒకటి ఉంది. రేసుకు పనికిరాని గుర్రం సవారీకి భేషుగ్గా పనికొస్తుంది. ప్రపంచంలో చాలాచోట్ల అలాంటి గుర్రాలను వెతికి మరీ ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. మన దగ్గర మాత్రం ఆ జవాబు ఇంకా అదృష్టం మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడే ఎందుకీ మాట

2025 ఏప్రిల్‌ చివరి రోజుల్లో హైదరాబాద్‌ నుంచి 57 గుర్రాలను లారీల్లో మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌ దగ్గరి రాయ్‌పురా గ్రామానికి తరలించారు. కొద్ది రోజుల్లోనే ఎనిమిది చనిపోయాయి. తర్వాత ఆ లెక్క ఇంకా పెరిగింది. గ్లాండర్స్‌ అనే అంటువ్యాధి కావచ్చన్న అనుమానంతో రక్త నమూనాలు పరీక్షలకు వెళ్లాయి. జంతుప్రేమికుల ఫిర్యాదులతో వ్యవహారం హైకోర్టు మెట్లెక్కింది. పందేల కోసం పెంచిన గుర్రాలు పందెం ఆగిపోతే ఎవరి బాధ్యత అన్న ప్రశ్నను చాలామంది తెలుగువాళ్లు మొదటిసారి విన్నది అప్పుడే.

ఆ ప్రశ్న ఒక్క ఊరితో పోయేది కాదు. రేసు పందేల మీద 2023 అక్టోబరు నుంచి పందెం కట్టిన మొత్తానికీ 28 శాతం జీఎస్టీ పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. చెన్నై గిండీలో రేసుకోర్సు ఉన్న 160 ఎకరాలను తమిళనాడు ప్రభుత్వం 2024 సెప్టెంబరులో స్వాధీనం చేసుకుంది. పందెం మంచిదా చెడ్డదా అన్న వాదన వేరే. ఆట చిక్కిపోయినప్పుడు ముందుగా లాయం ఖాళీ చేయాల్సి వచ్చేది ఎనిమిదో గుర్రమే.

నాలుగేళ్ల పరుగు, పాతికేళ్ల బతుకు

రేసుల్లో పరుగెత్తే గుర్రం థరోబ్రెడ్‌ జాతిది. మూడు శతాబ్దాల కిందట ఇంగ్లండుకు చేరిన మూడు తూర్పుదేశపు మగ గుర్రాలు, బయర్లీ టర్క్‌, డార్లీ అరేబియన్‌, గొడాల్ఫిన్‌ అరేబియన్‌, ఈ జాతికి మూలపురుషులు. వంశవృక్షం రాసిపెట్టే పుస్తకం 1791లోనే మొదలైంది. ఇవాళ మలక్‌పేటలో ఓడిపోయిన గుర్రానికి కూడా పది పన్నెండు తరాల తాతముత్తాతల పేర్లు దొరుకుతాయి. మనలో ఎంతమందికి ముత్తాత పేరు తెలుసు?

పుట్టిన రెండో ఏడు దాటగానే దాన్ని పందేనికి దించుతారు. ఐదారేళ్లు వచ్చేసరికి చాలావాటి రేసు జీవితం అయిపోతుంది. కొన్నింటికి ముందుకాలి స్నాయువు దెబ్బతింటుంది, కొన్నింటికి ఊపిరి చాలదు. మరికొన్నింటికి జబ్బేమీ ఉండదు, వేగం లేదంతే. సరిగ్గా చూసుకుంటే గుర్రం పాతికేళ్లు, ఆపైనా బతుకుతుంది. అంటే రేసు అయిపోయేనాటికి దాని ఆయుష్షులో ముప్పావు వంతు మిగిలే ఉంటుంది.

ఆడగుర్రాల్లో మంచి వంశం ఉన్నవి పిల్లల కోసం స్టడ్‌ ఫారాలకు వెళ్తాయి. మగవాటిలో ఆ అదృష్టం పట్టేవి బహు కొద్ది. మిగిలినవి పోలో మైదానానికో, సవారీ బడికో, పెళ్లి ఊరేగింపుకో చేరతాయి. వీటిలో ఊరేగింపే అన్నిటికన్నా అన్యాయం. స్టార్టింగ్‌ గేటు చప్పుడుకు ఎగిరి దూకమని నేర్పిన జంతువు ముందు పదివేల వాలా పేల్చి, డీజే మోత పెట్టి, కదలకుండా నిలబడమంటారు. పైన తలపాగాతో పెళ్లికొడుకు!

| అంకెల్లో థరోబ్రెడ్‌ |
ఎత్తు: భుజం దగ్గర సుమారు 16 ‘చేతులు’. ఒక చెయ్యి అంటే నాలుగు అంగుళాలు. అంటే ఐదడుగుల నాలుగంగుళాలు.
బరువు: 450 నుంచి 500 కిలోలు.
వేగం: పందెంలో గంటకు 60 కిలోమీటర్లకు పైనే.
గుండె: విశ్రాంతిలో నిమిషానికి 30-40 సార్లు. దౌడులో 200 దాటుతుంది.
పుట్టినరోజు: మన దేశంలో ఏ నెలలో పుట్టినా జనవరి 1నే ఏడాది పెరిగినట్టు లెక్క.
పేరు: ఇంగ్లిషులో ఖాళీలతో కలిపి 18 అక్షరాలు దాటకూడదు.
వాంతి: చేసుకోలేదు. అందుకే కడుపునొప్పి దానికి ప్రాణాంతకం కాగలదు.

అన్నీ వచ్చు, నిలబడటం తప్ప

పందేల నుంచి వచ్చిన గుర్రాన్ని కొన్నవాడికి మొదటి ఉదయమే అర్థమయ్యేది, తనకు తెలిసిన సవారీ దానికి తెలియదని. దానికి తెలిసిన సవారీ తనకు అంతకన్నా తెలియదు. జాకీని సైసు కాలు పట్టి పైకి లేపుతుంటే గుర్రం ఆగదు, నడుస్తూనే ఉంటుంది. రికాబులో కాలు పెట్టి ఎక్కేదాకా ఆగాలన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. జాకీ మోకాళ్లు ముడుచుకుని జీను మీద దాదాపు నిలబడే ఉంటాడు. పొడుగు కాళ్లు పక్కలకు వేలాడేసుకుని బరువంతా వీపు మీద వేసే మనిషి దానికి కొత్త.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పగ్గంతో. మామూలు గుర్రం పగ్గం బిగిస్తే ఆగుతుంది. రేసు గుర్రం దౌడులో కళ్లేన్ని ఆనుకుని పరుగెత్తడానికి అలవాటుపడింది. భయపడి ఎంత గట్టిగా లాగితే అంత జోరందుకుంటుంది. కొత్త రౌతు చేతుల్లో పట్టు సడలించడం నేర్చుకోవాలి. భయంలో మనిషి చేసే పనికి ఇది పూర్తిగా ఎదురు. రౌతు కొద్దీ గుర్రం అని పెద్దలన్నది ఇక్కడ పదిసార్లు రుజువవుతుంది.

అందుకే తెలిసినవాళ్లు ముందు కొన్ని వారాలపాటు, ఒక్కోసారి నెలల తరబడి, జీనే వేయరు. లాయంలో రోజుకు ఇరవై గంటలకు పైగా ఒంటరిగా గడిపిన గుర్రాన్ని ఆరుబయట, వీలైతే మరో గుర్రం తోడుగా వదులుతారు. రేసు కోసం పెట్టిన ఓట్స్‌, గింజల దాణా మెల్లగా తగ్గించి గడ్డి పెంచుతారు. రేసు గుర్రాల్లో ఎక్కువశాతానికి కడుపులో పుండ్లు ఉంటాయని పశువైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. రోజంతా గడ్డి నమలడమే వాటికి మొదటి మందు. కండ కరుగుతుంది, పొట్ట వస్తుంది, వెంట్రుకల నిగనిగ తగ్గుతుంది. కొన్నవాడి బంధువులు చూసి ‘గుర్రం చిక్కిపోయిందేమిటి’ అంటారు. అప్పుడే అది మామూలు గుర్రమవుతున్నట్టు లెక్క.

ఆ తర్వాత అసలు ఆనందం మొదలవుతుంది. రోడ్డు మీద గేదె ఎదురైతే ఎలా ఉండాలో, నీటిగుంట దాటడం ఎలాగో, రెండు వైపులకూ ఒకేలా తిరగడం ఎలాగో అది ఒక్కొక్కటే తెలుసుకుంటుంది. థరోబ్రెడ్‌కు బుద్ధి చురుకు, మనిషి చేతిలో పుట్టి పెరిగింది కాబట్టి స్నానం, లాడాలు, వ్యాను ప్రయాణం, పశువైద్యుడి సూది అన్నీ ముందే అలవాటు. ఊళ్లో పెరిగిన పోనీకి ఇవన్నీ నేర్పాలి. దీనికి ఆగడం ఒక్కటి నేర్పితే చాలు. ఎక్కేటప్పుడు అది మొదటిసారి కదలకుండా నిలబడ్డ రోజును యజమానులు ఎంత గర్వంగా చెప్పుకుంటారంటే, వినేవాళ్లకు గుర్రం ఎగరడం నేర్చుకుందేమో అనిపిస్తుంది.

ఒక్క పందెమూ గెలవని ఒలింపిక్‌ విజేత

అమెరికాలో ఓ ఆడగుర్రం ఉండేది. ఆరు పందేల్లో పరుగెత్తి ఒక్కటీ గెలవలేదు. రేసులకు పనికిరాదని అమ్మేశారు. కొన్నవాళ్లు దానికి ‘టచ్‌ ఆఫ్‌ క్లాస్‌’ అని పేరు పెట్టి అడ్డంకులు దూకడం నేర్పారు. 1984 లాస్‌ ఏంజెలెస్‌ ఒలింపిక్స్‌లో జో ఫార్గిస్‌ దాని మీద వ్యక్తిగత, జట్టు స్వర్ణాలు రెండూ గెలిచాడు. మొత్తం 91 అడ్డంకుల్లో అది పడగొట్టింది ఒక్కటే. ఎత్తులోనూ అది పెద్ద గుర్రమేమీ కాదు.

అలాంటివాటిని వెతకడానికి ఇప్పుడు బయటిదేశాల్లో సంస్థలే ఉన్నాయి. బ్రిటన్‌లో రేసు పరిశ్రమే 2000లో ‘రీట్రెయినింగ్‌ ఆఫ్‌ రేస్‌హార్సెస్‌’ పెట్టింది. అమెరికాలో 2010లో పుట్టిన ‘రిటైర్డ్‌ రేస్‌హార్స్‌ ప్రాజెక్ట్‌’ ఏటా కెంటకీలో పోటీ పెడుతుంది. పందేల నుంచి కొత్తగా బయటికొచ్చిన గుర్రానికి కొద్ది నెలల్లో ఏం నేర్పగలిగారో అందరి ముందూ చూపించాలి. దూకడం, పోలో, పశువులను తోలడం, అడవిదారిలో నడక, ఏదైనా సరే. కొనేవాళ్లు అక్కడికే వస్తారు. ఓడిన గుర్రానికి బజారు ఏర్పడింది, అంతే తేడా.

కొలంక రాజా వెండి కప్పు

మనకూ ఈ విద్య కొత్తదేమీ కాదు. భారతదేశంలో పోలో ఆడే గుర్రాల్లో చాలా భాగం రేసుల నుంచి వచ్చినవే. నిజాం సేనల అధిపతి అఫ్సర్‌ ఉల్‌ ముల్క్‌ నడిపిన గోల్కొండ పోలో జట్టుకు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దేశమంతా పేరుండేది. గోదావరి జిల్లా కొలంక జమీందారు 1936లో బహూకరించిన కొలంక కప్పు సుమారు ఆరడుగుల ఎత్తు ఉంటుంది. ప్రపంచంలోకెల్లా పొడవైన క్రీడా ట్రోఫీగా గిన్నిస్‌ పుస్తకానికెక్కింది. గెలిచిన జట్టు దాన్ని చేతులతో పైకెత్తే ప్రసక్తే లేదు, పక్కన నిలబడి ఫొటో దిగాలి.

హైదరాబాద్‌లో రేసులను మౌలాలీ నుంచి మలక్‌పేటకు మార్చింది ఆరో నిజాం మీర్‌ మహబూబ్‌ అలీఖాన్‌, 1886లో. ఆ నగరంలో ఇవాళ్టికీ గుర్రం తెలిసిన మనుషులు దొరుకుతారు. సైసులు, లాడాలు కొట్టే నాల్‌బందులు, గుర్రాల డాక్టర్లు తరతరాలుగా అక్కడే ఉన్నారు. శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్‌కు ఎంపికైన ప్రతివాళ్లూ గుర్రపుస్వారీ నేర్చుకోవాల్సిందే. సినిమావాళ్ల సంగతి సరేసరి. ‘మగధీర’లో గుర్రమెక్కిన రామ్‌చరణ్‌ తర్వాత హైదరాబాద్‌ పోలో జట్టుకు యజమాని కూడా అయ్యారు.

ఆంధ్రప్రదేశ్‌ వైపు వస్తే రేసుకోర్సు లేదు. గుర్రం మాత్రం ఉంది. విశాఖ ఆర్‌కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం పిల్లలను ఎక్కించుకుని తిప్పే గుర్రాలు అందరికీ తెలుసు. అంతకన్నా కష్టజీవులు పాడేరు వైపు కొండల్లో ఉన్నాయి. రోడ్డు పడని గూడేలకు బియ్యం, ఉప్పు, సిమెంటు మోసేది ఇప్పటికీ అవే. పొట్టిగా, గట్టిగా, ఏది దొరికితే అది తిని బతికే జాతి. థరోబ్రెడ్‌ను వాటి పక్కన కడితే పట్నం అల్లుడు పల్లెకొచ్చినట్టే ఉంటుంది.

పరవాడకు తెచ్చుకుంటే

ఇక అసలు ప్రశ్న. స్టీల్‌ప్లాంటులోనో ఫార్మాసిటీలోనో ఉద్యోగం చేస్తూ, విశాఖ దగ్గరి పరవాడ చుట్టుపక్కల కాస్త జీడితోటో కొబ్బరితోటో ఉన్న కుటుంబం ఓ రిటైరైన రేసు గుర్రాన్ని తెచ్చుకుంటే ఏమవుతుంది? అక్కడి ముత్యాలమ్మపాలెం తీరం ఇసుకలో తెల్లవారుజామున సవారీ అన్న ఊహ ఎవరికైనా నోరూరించేదే. అది అసాధ్యమూ కాదు. ఇంగ్లండులో రెడ్‌ రమ్‌ అనే గుర్రం కథ ఇందుకు సాక్ష్యం. కాలి ఎముక జబ్బున్న ఆ గుర్రాన్ని జింజర్‌ మెకెయిన్‌ అనే ట్రైనర్‌ కొన్నాడు. ఆయనకు కార్ల అమ్మకం కూడా వ్యాపారమే. సౌత్‌పోర్ట్‌ సముద్రతీరంలో, తడి ఇసుక మీద, ఉప్పునీళ్లలో నడిపిస్తూ సాధన చేయించాడు. 1973, 1974, 1977లలో అది గ్రాండ్‌ నేషనల్‌ మూడుసార్లు గెలిచింది. ఆ ఘనత మరే గుర్రానికీ దక్కలేదు. పరుగు మానేశాక దుకాణాల ప్రారంభోత్సవాలకు తిరుగుతూ ముప్పై ఏళ్లు బతికింది.

సౌత్‌పోర్ట్‌ చలి దేశం. పరవాడ కాదు. ఇక్కడి ఉక్కపోతలో థరోబ్రెడ్‌కు వచ్చే విచిత్రమైన జబ్బు ఒకటుంది: చెమట పట్టడం ఆగిపోతుంది. ఇంగ్లండు నుంచి ఉష్ణదేశాలకు తెచ్చిన రేసు గుర్రాల్లో దీన్ని వందేళ్ల కిందటే గమనించారు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి గుర్రానికీ ప్రధానంగా చెమటే. సవారీ చేసి వచ్చాక మెడ, డొక్కలు పొడిగా ఉండి, ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతుంటే డాక్టరును పిలవాలి. నీళ్లు కుమ్మరించి, ఫ్యాను పెట్టి, ఉప్పు కలిపిన దాణా ఇచ్చి చూస్తారు. కొన్ని గుర్రాలు కోలుకుంటాయి. కొన్నింటిని పొడి వాతావరణం ఉన్న చోటికి పంపాల్సిందే.

రెండోది ఇసుక. నేల మీద వేసిన గడ్డితోపాటు గుర్రం ఇసుక మింగుతుంది. అది పేగుల్లో పేరుకుని కడుపునొప్పి తెస్తుంది. తొట్టిలో కాని, కింద రబ్బరు పట్టా పరిచి కాని మేత వేయడమే విరుగుడు. తీరంలో పరుగెత్తించేటప్పుడు కూడా అల తాకి గట్టిపడిన చోటే మేలు. డెక్కలు దిగబడే పొడి ఇసుకలో పాత స్నాయువు గాయం తిరగబెడుతుంది.

గుర్రాన్ని తెచ్చుకోవడం కన్నా బతికించుకోవడం కష్టమని ఈ దేశానికి ఏనాడో తెలుసు. కాకతీయుల మోటుపల్లి రేవును చూసిన మార్కోపోలో, దక్షిణాన పాండ్యుల రాజ్యంలో ఏటా వేల గుర్రాలను సముద్రం మీంచి కొంటారని, చూసుకోవడం తెలిసినవాళ్లు లేక ఏడాది తిరిగేలోగా వాటిలో చాలావరకు చచ్చిపోతాయని రాశాడు. అన్నమూ మాంసమూ ఉడికించి పెట్టేవారట!

మేత విషయంలో మన ప్రాంతానికి తిరుగులేదు. ఉలవలు ఉత్తరాంధ్ర మెట్టపంట. నానబెట్టి, ఉడికించి, కొద్దిగా పెట్టాలి, పచ్చివి పెడితే కడుపు ఉబ్బుతుంది. ఉడికించిన నీళ్లు మనింటి ఉలవచారుకు. అనకాపల్లి బెల్లం ముక్క మచ్చిక చేసుకోవడానికి ఎంత బాగా పనిచేస్తుందో చెప్పనక్కర్లేదు. రోజూ మాత్రం వద్దు.

| కొనేముందు |
- మైక్రోచిప్‌ నంబరు, పాస్‌పోర్టు సరిపోల్చాలి. థరోబ్రెడ్‌ల రికార్డు పుణెలోని స్టడ్‌బుక్‌ అథారిటీ దగ్గర ఉంటుంది.
- గ్లాండర్స్‌ పరీక్ష చేయించకుండా లారీ ఎక్కించకూడదు. మనుషులకూ సోకే జబ్బు ఇది.
- ముందుకాళ్ల స్నాయువులు చేత్తో తడిమి చూడాలి. వేడి, వాపు ఉంటే స్కానింగ్‌ అడగాలి.
- ఎందుకు రిటైరైందో ట్రైనరును కాదు, సైసును అడగాలి.
- కొత్తగా సవారీ నేర్చుకునేవాళ్లు నేరుగా రేసు గుర్రంతో మొదలుపెట్టకూడదు.

ధర తక్కువే, ఖర్చు కాదు

రిటైరైన రేసు గుర్రం ఒక్కోసారి పాత మోటారుసైకిలు ధరకే వస్తుంది. మంచి చేతుల్లో పడుతుందన్న నమ్మకం కుదిరితే ఉచితంగా ఇచ్చే యజమానులూ ఉంటారు. మోసపోయేది అక్కడే. ఐదు వందల కిలోల గుర్రానికి రోజుకు కనీసం పది కిలోల పొడిమేత కావాలి. నెలకు మూడు క్వింటాళ్లు. నీళ్లు ఎండాకాలంలో నలభై లీటర్లు దాటతాయి. ఐదారు వారాలకోసారి డెక్కలు చెక్కించాలి. ధనుర్వాతం టీకా, నులిపురుగుల మందు, పళ్లు రాయించడం, సైసు జీతం. విశాఖ చుట్టుపక్కల పశువైద్యులకు ఆవు, గేదె, మేక చేయి తిరిగిన విద్య. గుర్రం కడుపునొప్పికి అర్ధరాత్రి పరుగెత్తుకొచ్చే డాక్టరెవరో ముందే తెలుసుకుని పెట్టుకోవాలి.

ఒంటరి గుర్రం దిగులుపడుతుంది, అది మంద జంతువు. తోడుగా ఇంకో గుర్రం కొనే స్తోమత లేకపోతే మేకనైనా కట్టేస్తారు. రేసు లాయాల్లో బెదురు గుర్రాలకు మేకను తోడుంచడం పాత అలవాటు. అందుకే ఒక్క కుటుంబం భరించడం కన్నా నలుగురైదుగురు కలిసి రెండు గుర్రాలు, ఒక సైసు పెట్టుకోవడం తెలివైన పని. టౌన్‌షిప్పుల్లో టెన్నిస్‌ కోర్టులు, ఈతకొలనులు ఉమ్మడిగా నడుస్తున్నప్పుడు చిన్న లాయం నడపలేకపోవడానికి కారణం కనిపించదు. సింహాద్రి విద్యుత్కేంద్రం పొగగొట్టాల నీడలో గుర్రపుశాల వింతగా కనిపిస్తుందేమో, కాని గడ్డి పెరిగే స్థలం, ఉదయం ఆరింటికి ఖాళీగా ఉండే మనుషులు అక్కడ ఉన్నారు.

ఎప్పుడు తేవాలన్నది ఒకటే మిగిలింది. హైదరాబాద్‌లో వానాకాలం రేసులు జులైలో మొదలై అక్టోబరుకు ముగుస్తాయి. సీజను అయిపోగానే ఏ గుర్రాన్ని ఉంచుకోవాలి, ఏది వదిలించుకోవాలి అన్న లెక్కలు పడేది అప్పుడే. తీరంలో ఉక్క తగ్గేదీ కార్తీకంలోనే. నవంబరు మొదట్లో మలక్‌పేట వెళ్లి, కనీసం రెండుసార్లు చూసి, సొంత డాక్టరుతో పరీక్ష చేయించుకుని, ఎండ తగలకుండా రాత్రి ప్రయాణంలో, దారి పొడవునా ఆగి నీళ్లు పెడుతూ తెచ్చుకుంటే, వేసవి వచ్చేలోగా కొత్త గాలికి అలవాటు పడటానికి దానికి నాలుగు నెలలు దొరుకుతాయి.